ఆరు గుంటల పలక

మాది బాగేపల్లి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మా చిన్నమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. ఐదేళ్లు నిండాక ఒక బడికి తీసుకెళితే, "పలక చూడలేని పిల్లకు మేమేం నేర్పగలమమ్మా?" అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. మరునాటి నుంచి నేనే పంతులమ్మనయ్యాను.

పెద్దవాడికి మాంటిస్సోరి పద్ధతిలో ఇంట్లోనే అక్షరాలు నేర్పిన ధైర్యం నాది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మారియా మాంటిస్సోరి, గరుకు కాగితంతో చేసిన అక్షరాలను పిల్లలచేత వేలితో తడిమించేవారు. మా పాపకు ఇంతకన్నా ఏం కావాలనుకుని అట్టల మీద అక్షరాలన్నీ అంటించాను. మూడు నెలలైనా "మ"కూ "య"కూ తేడా దాని వేలికి అందలేదు. ఒకరోజు అట్ట తోసేసి, "అమ్మా, ఇవి కళ్లున్నోళ్ల అక్షరాలు" అంది.

నిజమే. తడమడం మంచి పద్ధతే. తడమవలసిన అక్షరాలే వేరు.

ఆ సంగతి విప్పి చెప్పింది చింతామణిలో చూపులేని ఒక కన్నడం అయ్యవారు. లూయీ బ్రెయిలీ 1829లో ప్రకటించిన లిపికి ఆరే చుక్కలు. 1951లో మన భాషలన్నిటికీ కలిపి భారతి బ్రెయిలీ కుదిర్చారు. శబ్దం ఒకటైతే చుక్కలూ ఒకటే. తెలుగు "క" అయినా కన్నడ "క" అయినా ఒకటో చుక్క, మూడో చుక్క.

కోడిగుడ్ల అట్టను ఆరు గుంటలకు కత్తిరించాను. రెండు నిలువు వరసలు, వరసకు మూడు. మొదటి గుంటలో చింతగింజ వేస్తే "అ". ఒకటి, మూడు, నాలుగు నింపితే "మ". వామనగుంటలు ఆడినట్టే నేర్చుకుంది. అయితే బ్రెయిలీ అక్షరం వేలికొన కింద ఇమడాలి గదా! అందుకని గుంటల నుంచి అట్టకు కుట్టిన పూసలకు, అక్కణ్ణుంచి బ్రెయిలీ పలకకు వచ్చాం. దాని మీద కుడి నుంచి ఎడమకు పొడవాలి, కాగితం తిప్పి ఎడమ నుంచి చదవాలి. తికమకపడింది నేనే, పాప కాదు.

కిందటేడు కైవారం వెళుతూ చింతామణిలో ఆగాం. తెలుగులోనూ కన్నడంలోనూ పాడిన తాతయ్య ఊరు కైవారం. పాప తాను పొడిచిన కాగితం అయ్యవారి చేతిలో పెట్టింది. ఆయన వేళ్లు కదిలాయి: "మా అవ్వ రాగిముద్ద చేసింది. నేను రెండు తిన్నాను."

"నాకు తెలుగు లిపి రాదు తల్లీ. నీ బిడ్డ తెలుగు మాత్రం చదివేశాను" అని నవ్వారు. ఈసారి ఏడ్చింది సంతోషంతోనే.