ఐదు మెట్లు

నాన్న మెట్లు లెక్కపెట్టడం నేను మొదటిసారి చూసింది ఆ రోజే. ఆటో దిగాడు, చేతికర్ర నేలకి ఆనించాడు, ఒక్కొక్క మెట్టూ చూపుతోనే ఎక్కాడు. “ఐదేనే గుంటా, ఎక్కేద్దాం” అన్నాడు. మోకాళ్ళు అరిగిపోయి మూడేళ్ళయింది.

అది మా జిల్లాలోనే ఒక ఆఫీసు. పేరు అనవసరం. ర్యాంపు ఉంది, లేదని అనను. మెట్ల పక్కనే పదడుగుల పొడవున, నున్నటి టైల్సు వేసి, రెయిలింగు లేకుండా. దాని మొదట్లో మూడు బైకులు. నేను ఆర్కిటెక్టుని, ఎక్కడికెళ్ళినా కళ్ళు వాటంతటవే కొలతలు తీసేస్తాయి. ఐదు మెట్లంటే రెండున్నర అడుగుల ఎత్తు. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవుండాలనేది నిబంధన. అంటే ముప్ఫై అడుగులు కావాలి. అక్కడున్నది పది. వీల్‌ఛైర్ దాని మీద వదిలితే తిన్నగా రోడ్డు మీదకి పోతుంది. పిల్లలకైతే మంచి జారుడుబల్ల.

మెట్లే ఎక్కాం. రెండో మెట్టు మీద ఒకసారి ఆగాం.

లోపల అసలు ఇబ్బంది వేరే ఉంది. నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో మగ్గాల దగ్గర ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశాడు. చెవులు సగానికి పైగా అక్కడే వదిలేశాడు. ఆ మోతలో ఒకరి మాట ఒకరికి వినబడదు కాబట్టి చేతులతో, పెదాలతో మాట్లాడుకునేవాళ్ళట. ఇప్పటికీ ఎదుటివాళ్ళ పెదాలు చూస్తూనే సగం సంగతి పట్టేస్తాడు. అందుకే కొత్తవాళ్ళెవరికీ నాన్నకి వినబడదని తెలీదు.

ఆ కౌంటర్ దగ్గర మాత్రం పట్టలేకపోయాడు. గుమాస్తా కుర్చీ వెనకే పెద్ద పడమటి కిటికీ, మధ్యాహ్నం మూడున్నర ఎండ. ఆయన మొహం మొత్తం చీకటి. మధ్యలో గాజు పలక, మాట్లాడడానికి దానికో చిన్న రంధ్రం, అది నాన్న నుదురు ఎత్తులో ఉంది. పక్కన టేబుల్ ఫ్యాన్ మోత. గుమాస్తా మంచివాడే, పాపం ఆయన చొక్కా కూడా వీపుకి అంటుకుపోయుంది. మూడుసార్లు అడిగాడు. నాలుగోసారి గట్టిగా అడిగాడు. క్యూలో ఎవరో నవ్వారు.

“నాకినబడ్నేదమ్మా, నువ్ సెప్పీ” అని నాన్న పక్కకి తప్పుకున్నాడు. ఆయన పేరు, ఆయన పుట్టిన సంవత్సరం, ఆయన చేసిన ఉద్యోగం, అన్నీ నేనే చెప్పాను. ఆయన నా వెనక నిలబడి గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆ ర్యాంపు గీసినవాణ్ణి మనసులో తిట్టుకుంటూ వచ్చాను. విజయనగరం దాటేలోపే ఇంకొకటి గుర్తొచ్చింది. ఆరేళ్ళ క్రితం విశాఖలో రెండంతస్తుల చిన్న ఆఫీసు బిల్డింగ్ ఒకటి నేను గీశాను. స్థలం చాలలేదు, పార్కింగ్ పోతుందని ఓనరు గొడవ. ప్లానులో ర్యాంపు అనే మాట కనబడితే చాలు కదా అని ఒకటికి ఐదు వాలుతో గీసి ఇచ్చేశాను. కాంట్రాక్టరు చూసి, “దీని మీద ఎవుడెక్కుతాడు మేడమ్?” అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇప్పుడు దాని మీద పూలకుండీలున్నాయి.

చట్టం తెలియక కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలు ఇరవై ఒకటయ్యాయి, వినికిడి లోపం వాటిలో ఉంది. పాత ప్రభుత్వ భవనాలకి, నియమాలు వచ్చిన 2017 నుంచి ఐదేళ్ళ గడువిచ్చారు. 2024 నవంబర్లో రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు, ఈ ప్రమాణాలు కేవలం సలహాలుగా మిగిలిపోకూడదు, తప్పనిసరి కావాలి అంది. నేను ఆ తీర్పు చదివాను, ఫోన్‌లో సేవ్ కూడా చేసుకున్నాను.

డబ్బు దగ్గరే అందరం ఆగుతాం. కానీ ముందే ఆలోచిస్తే ఇది పెద్ద ఖర్చు కాదు, కట్టాక అతికిస్తేనే ఖర్చు. మా వైపు పీఠం ఎత్తుగా కడతారు, వాననీళ్ళ భయం. హుద్‌హుద్ చూసినవాళ్ళని తప్పు పట్టలేం. అయితే ఆ రెండున్నర అడుగులూ గుమ్మం దగ్గరే ఒక్కసారిగా లేపక్కర్లేదు. గేటు దగ్గర్నుంచే ఆవరణ మట్టిని మెల్లగా ఎత్తుకుంటూ వస్తే అందరూ ఒకే దారిన నడిచొస్తారు, మెట్లకయ్యే ఖర్చు కూడా మిగులుతుంది. లారీ బేకర్ కేరళలో ఇటుకల్ని నిలువుగా పేర్చి, మధ్యలో ఖాళీ వదిలి గోడలు కట్టించాడు. ఇటుకలు పావువంతు దాకా మిగులుతాయి, ఆ ఖాళీలోని గాలి వేడిని ఆపుతుంది. కాలేజీలో ఆయన మీద ప్రాజెక్టు చేసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఉద్యోగంలో చేరాక గీసినవన్నీ అద్దాలే. పడమటికి అద్దం పెట్టడం, ఆ ఎండకి ఏసీ పెట్టడం, ఆ ఏసీకి కరెంటు బిల్లు కట్టడం. చెమటలు కారే కోస్తాలో కావలసింది గాలి ఇటు వచ్చి అటు పోయే దారి, లోతైన చూరు. సముద్రం ఒడ్డు పల్లెల్లో చుట్టిళ్ళు కట్టినవాళ్ళకి ఇది తెలుసు.

అన్నిటికన్నా నన్ను కుదిపేసింది ఆ గుమాస్తా కుర్చీ. దాన్ని పక్క గోడ వైపు తిప్పితే చాలు, ఆయన మొహం మీద వెలుగు పడుతుంది. రూపాయి ఖర్చు లేదు. ఇన్నేళ్ళలో ఏ ప్లానులోనూ నేను కుర్చీ ఎటు తిరగాలో ఆలోచించలేదు.

ఈ వేసవిలో మా చిన్నాన్న కొడుకు నెల్లిమర్లలో రెండు గదుల ఆఫీసు కట్టుకుంటున్నాడు. డ్రాయింగు నాదే. మొన్న ముగ్గు పోశాక నాన్నని తీసుకెళ్ళాను. గేటు నుంచి గుమ్మం గీత దాకా కర్ర వేసుకుని నడిచాడు, మధ్యలో ఒకచోట ఆగాడు.

“ఇక్కడో చిన్న అరుగెట్టు. నానాగినట్టు ఉండదు, కూకున్నట్టుంటాది.”

రాసుకున్నాను.

“ఆడి కుర్సీ ఎటేపు?”

చూపించాను. నాన్న వెళ్ళి ఎదురుగా నిలబడి, “ఏదీ, అక్కడ నిలబడి ఏదో ఒకటి సెప్పు” అన్నాడు. నేను గొంతు పెగల్చకుండా, పెదాలతో మాత్రమే ఆయన పేరు అడిగాను.

చెప్పాడు.