ఓడెక్కితేనే అర్థమయ్యే నవల!

పుస్తకం తెరిచారు. ఇక కథ మొదలవుతుందనుకుంటే... ముందుగా వచ్చేది ఓ మాట పుట్టుక! తిమింగలాన్ని ఏ భాషలో ఏమంటారో చెప్పే పట్టిక. అది దాటితే, తిమింగలం గురించి పాత పుస్తకాల్లో ఎవరెవరు ఏం రాశారో పేజీలకు పేజీలు. అదీ దాటి ఓడెక్కామో లేదో, మాటల వాన మొదలవుతుంది. స్టార్‌బోర్డు, లార్‌బోర్డు, ఫోర్‌కాజిల్, ట్రైవర్క్స్, గామ్... తెరచాప, చుక్కాని, లంగరు తప్ప ఓడ గురించి మరో మాట తెలియనివాళ్లు పుస్తకం మూసేయక ఏం చేస్తారు! హెర్మన్ మెల్విల్ నవల ‘మోబీ డిక్’ మొదలుపెట్టి సగంలో వదిలేసినవాళ్లు అందుకే అంతమంది.

అలాంటివాళ్ల కోసమే అన్నట్టు ఓ ఊరుంది. అక్కడ ఈ మాటల కోసం నిఘంటువు తిరగేయక్కర్లేదు. చాలావాటిని కళ్లారా చూడొచ్చు. అదే అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉన్న న్యూ బెడ్‌ఫర్డ్. బోస్టన్ నుంచి కారులో గంటకు పైగా ప్రయాణం. 2025 మార్చి నుంచి రైలు కూడా నడుస్తోంది.

నూనె వెలిగించిన ఊరు

కిరోసిన్ రాకముందు పాశ్చాత్య దేశాల్లో ఎన్నో ఇళ్లలో దీపాలు వెలిగింది తిమింగలం నూనెతోనే. ఆ వేటకు రాజధాని న్యూ బెడ్‌ఫర్డ్. 1857లో ఈ ఒక్క ఊరికే 329 వేట ఓడలుండేవి. రెండేళ్ల తర్వాత పెన్సిల్వేనియాలో చమురు బావి పడింది. క్రమంగా ఈ ఊరి వైభవం తగ్గిపోయింది.

ఊరి పక్కనున్న నదికి అవతలి ఒడ్డు ఫెయిర్‌హేవెన్. 1841 జనవరి 3న అక్కడి నుంచి బయల్దేరిన ‘అకుష్నెట్’ అనే వేట ఓడలో ఓ కుర్రాడు కూలి నావికుడిగా ఉన్నాడు. ఆ ఇరవై ఒక్కేళ్ల కుర్రాడే మెల్విల్. ఏడాదిన్నర పనిచేసి, కష్టాలు పడలేక పసిఫిక్‌లోని ఓ దీవిలో దిగి పారిపోయాడు. పదేళ్ల తర్వాత, 1851లో ‘మోబీ డిక్’ వచ్చింది. అందులోని ఓడ మాటల్లో చాలావరకు అతను పనిచేస్తూ నేర్చుకున్నవే.

సగం ఓడ... నిండా మాటలు

ఊళ్లోని వేలింగ్ మ్యూజియంలోకి అడుగుపెడితే హాలంతా పరచుకుని ఓ ఓడ కనిపిస్తుంది. పేరు లగోడా. అసలు ఓడలో సరిగ్గా సగం కొలతలతో 1916 నాటికి దీన్ని ఆ భవనంలోనే కట్టారు. సందర్శకులు ఎక్కి తిరగొచ్చు.

ఎక్కి ముందుకు తిరిగి నిలబడితే కుడివైపు స్టార్‌బోర్డు. పూర్వం చుక్కాని ఓ పెద్ద తెడ్డులా ఓడకు కుడిపక్కనే ఉండేది. ఓడను నడిపే వైపు కాబట్టి ఆ పేరు. ఎడమవైపు లార్‌బోర్డు. గాలి హోరులో రెండు పేర్లూ ఒకేలా వినబడితే ఏమవుతుందో ఊహించండి! అందుకే బ్రిటిష్ నౌకాదళం 1844లో లార్‌బోర్డును మానేసి ‘పోర్ట్’ అనమంది. మెల్విల్ నావికులు మాత్రం పాత మాటే వాడతారు.

ముందుభాగంలో నావికులు పడుకునే ఇరుకు చోటు ఫోర్‌కాజిల్. రాసేది అలా, పలికేది ‘ఫోక్సిల్’. డెక్కు మీద ఇటుకలతో కట్టిన పొయ్యే ట్రైవర్క్స్. వెన్న కాచి నెయ్యి తీసినట్టు, తిమింగలం కొవ్వు కాచి అందులో నూనె తీసేవారు. మిగిలిన పిప్పే ఆ పొయ్యికి వంటచెరకు!

ఎదురుగానే ‘సీమెన్స్ బెథెల్’ అనే ప్రార్థనా మందిరం. సముద్రంలోకెళ్లి తిరిగిరానివాళ్ల పేర్లు అక్కడి గోడల మీది పాలరాతి ఫలకాలపై ఉంటాయి. నవల్లో ఇక్కడి ప్రసంగ వేదిక ఓడ ముందుభాగంలా ఉంటుంది. అది మెల్విల్ కల్పన. అయితే 1956లో సినిమా వచ్చాక, చూడ్డానికి వచ్చినవాళ్లంతా ‘ఆ వేదికేదీ?’ అని అడగడం మొదలెట్టారు. దాంతో 1961లో నిజంగానే అలాంటిది కట్టేశారు!

చూస్తే తెలియని మాట

ఇన్ని చూసినా కంటికి కనిపించని మాట ఒకటుంది. అదే గామ్. నడిసముద్రంలో రెండు వేట ఓడలు ఎదురైతే ఆగేవి. పడవల్లో రాకపోకలు సాగేవి. కెప్టెన్లిద్దరూ ఒక ఓడలో, వారి తర్వాతి అధికారులు రెండో ఓడలో కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు అందేదీ అప్పుడే. ఏళ్ల తరబడి సముద్రంలో ఉండేవాళ్లకు అదే పండగ. ఈ మాట నిఘంటువుల్లో లేదంటూ మెల్విల్ దీనికోసం ఓ అధ్యాయమే కేటాయించి అర్థం చెప్పాడు.

ఎందుకంత పట్టుదల? జవాబు చివర్లో దొరుకుతుంది. ఏటా జనవరిలో, మెల్విల్ ప్రయాణానికి గుర్తుగా ఈ మ్యూజియంలో నవల మొత్తాన్ని పైకి చదువుతారు. ఒకరి తర్వాత ఒకరు, రాత్రంతా ఆపకుండా సుమారు 25 గంటలు! రెండోరోజు ‘రేచల్’ అనే ఓడ వచ్చే అధ్యాయం వస్తుంది. ఆ ఓడ కెప్టెన్ పన్నెండేళ్ల కొడుకు సముద్రంలో తప్పిపోయాడు. నలభై ఎనిమిది గంటలు తోడుగా వెతకమని అతను బతిమాలతాడు. తన కాలు తీసిన తెల్ల తిమింగలం మీద పగతో రగిలిపోతున్న కెప్టెన్ అహాబ్ కుదరదంటాడు.

గామ్ అంటే తెలియనివారికి అదో కఠినుడి మాట, అంతే. తెలిసినవారికి అహాబ్ తెంచుకున్నది ఎంతటి బంధమో అర్థమవుతుంది. కథ చివర అతని ఓడ మునిగి, కథ చెప్పే ఇష్మాయిల్ ఒక్కడే మిగులుతాడు. నీళ్లలో తేలుతున్న అతణ్ని పైకి తీసే ఓడ ఏదో తెలుసా? బిడ్డ కోసం ఇంకా వెతుకుతున్న రేచల్!