ఒరవడి రాళ్లు

చక్కని శిల్పమును చూచినప్పుడు మనము శిల్పి నేర్పును కొనియాడుదుము గాని, ఆ చేతికి తొలుత దారి చూపిన ఒరవడి యేదియని యడుగము. ప్రాచీన ఈజిప్టు దేశపు శిల్పుల ఒరవడులు నేటికిని నిలిచియున్నవి.

కడపటి ఫరోల కాలమునను, క్రీ.పూ. 30తో ముగిసిన టాలమీ రాజుల యేలుబడిలోను చెక్కిన చిన్న సున్నపురాతి పలకలును, రాజశిరస్సులును పెక్కు ప్రదర్శనశాలలలో గలవు. ఒకదానిపై సింహము, మఱియొకదానిపై పక్షి, వేఱొకదానిపై పాదము మాత్రమే. కొన్ని సగము చెక్కి విడువబడినవి; కొన్నిటి వెనుక గళ్లు గీయబడియున్నవి. ఇవి శిష్యులు చూచి నేర్చుకొనుటకని కొందఱును, దేవాలయములకు మ్రొక్కుబడులని కొందఱును పండితులు చెప్పుదురు.

ఆ గళ్లే వారి విద్యకు మూలము. ఎఱ్ఱరంగులో ముంచిన దారమును బిగలాగి విడిచి గోడపై గీతలు వేసెడివారు. నిలుచున్న మనుష్యునకు అరికాలినుండి నుదుటి వెండ్రుకల మొదలు వఱకు 18 గళ్లు. తరువాతి కాలమున పై కనురెప్ప వఱకు 21 గళ్లు. బొమ్మ జానెడైనను, గోడంత యైనను ఆ పాళము తప్పదు. పలువురు కలిసి చెక్కినను ఒక్కచేతి పనివలె నుండును.

ఇది చదువుచుండిన దినములలోనే మా చిన్నది అక్షరములు దిద్దుచు, "ఒకరి వ్రాతను నేనేల దిద్దవలెను?" అని యడిగినది. మాకు వెంటనే బదులు తోచలేదు. మేమును ఇంటనే తండ్రిగారి ఒరవడి దిద్ది, శ్లోకములు వల్లించి పెరిగినవారమే. ఆడుబిడ్డకు జన్మమంతయు ఒకరి వ్రాతను దిద్దుటయేనా యను శంక ఆ మాటలో మాకు వినబడెను.

ఆ శంకకు సమాధానము మఱియొక ఒరవడియందు దొరకినది. 1912 డిసెంబరు 6న అమర్నాలో, తూత్‌మోస్ అను శిల్పి పనిశాలయందు, లుడ్విగ్ బోర్ఖార్టు నాయకత్వమున త్రవ్విన జర్మనులకు నెఫర్తీతి రాణి ప్రతిమ లభించినది. అది పై శిలలకంటె సుమారు వేయేండ్లు పాతది. ఇప్పుడు బెర్లినులో నున్నది. రాణి బొమ్మలు చెక్కువారికి మాదిరిగా నుంచినదని పలువురి తలంపు. 2006లో యంత్రముతో లోపల పరీక్షింపగా, నున్నని గచ్చుపూత క్రింద రాతిలో మఱియొక ముఖము కనబడెను: ముక్కుపై కొంచెము ఎత్తు, నోటిచెంత సన్నని ముడుతలు. పదుగురికి మాదిరి చేసినవాడు కూడ తన కన్ను చూచినదానిని ముందు చెక్కియే పైపూత పూసెను.

కొలతను ఒరవడి నేర్పును. చూపు మాత్రము ఎవరిది వారిదే. మా చిన్నదానికి ఈ మాటయే చెప్పితిమి. తల్లులకు చెప్పదగినది మఱియొకటి గలదు: బిడ్డ చేతికి ఒరవడి నిచ్చు దినముననే, దానిని తీసివేయవలసిన దినమును గూడ తలచుకొనుడు.