చుక్కల్లో సెంట్రల్ స్టేషన్

మేము చదివింది తమిళ మీడియం. తెలుగు ఇంట్లో మాట్లాడుకున్నదే గాని, రాయడం రిటైరయ్యాక నేర్చుకున్నాం. తప్పులుంటే దిద్దండి.

ఈ ఏడాది మేమిద్దరం బొమ్మ వెయ్యడం మొదలుపెట్టాం. మనవరాలు నేర్పింది. దాని పేరు పాయింటిలిజం. గీతలుండవు, పూత ఉండదు, అంతా చుక్కలే. 1880లలో పారిస్‌లో జార్జ్ సోరా అనే చిత్రకారుడు తెచ్చిన పద్ధతి. ఆయన వేసిన ఒక పటం రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు ఉంటుంది. దానికి రెండేళ్ళు పట్టిందట. పాపం, 31 ఏళ్ళకే పోయారు. రంగుల్ని పళ్ళెంలో కలిపెయ్యకుండా పక్కపక్కన చుక్కలుగా పెడతారు. దూరం నుంచి చూసే కన్నే వాటిని కలుపుకుంటుంది.

చుక్కలు మాకు కొత్తా? మా ఆవిడ నలభై ఏళ్ళుగా వాకిట్లో చుక్కల ముగ్గు పెడుతోంది. నేను సర్వీసంతా చూసిన రిజర్వేషన్ చార్టుల్లో ప్రయాణికుల పేర్లన్నీ ప్రింటరు కొట్టిన చుక్కలే. చిన్నప్పుడు తమిళ అక్షరం మీద పుళ్ళి పెట్టడం మరిచిపోతే వాద్యారు చెవి మెలిపెట్టేవారు.

పార్కు స్టేషన్ వైపు నిలబడి ఫోటో తీసుకున్నాం. కుడివైపు 1873 నాటి ఎర్రటి సెంట్రల్, గడియారం గోపురంతో. ఎడమవైపు 1913 నాటి తెల్లటి రిప్పన్ బిల్డింగు. చెవులు తుడుచుకునే దూదిపుల్లలు, ఆక్రిలిక్ రంగులు తెచ్చి, భోజనాల బల్ల మీద కూర్చున్నాం. రోజుకు గంట కూర్చుంటే అరచేయంత కూడా నిండేది కాదు.

గొడవంతా రిప్పన్ బిల్డింగు దగ్గర వచ్చింది. "ఏమండీ, అది తెల్ల మేడండీ. పసుపు పెడుతున్నారేం?" అంది ఆవిడ. "నువ్వే నీలం పెడుతున్నావు" అన్నాను. రెండు రోజులు మాటల్లేవు. మనవరాలు వచ్చి చూసి, "తాతా, మీ సగం సాయంత్రం, అవ్వ సగం పొద్దున" అని నవ్వింది.

ఆవిడకు రెండేళ్ళ కిందటే శుక్లం ఆపరేషన్ అయింది. నాకూ చేయించుకోమని డాక్టరు అప్పుడే చెప్పారు. కనిపిస్తోంది కదా అని వాయిదా వేస్తూ వచ్చాను. అసలు కారణం భయం. ఆ రోజుల్లో మా నాన్నకు చేసిన ఆపరేషన్ కుదరక ఒక కన్ను పోయింది. ఆ సంగతి ఆవిడకు కూడా సరిగ్గా చెప్పలేదు. ఆ రాత్రి చెప్పాను. మర్నాడు ఇద్దరం డాక్టరు దగ్గరకు వెళ్ళాం.

ఎడమ కంటికి అయింది. కట్టు విప్పాక ఇంటికొచ్చి ఒక్కో కన్నూ మూసి నా తెల్ల పంచె చూశాను. కొత్త కంటికి మల్లెపువ్వు. పాత కంటికి పాలు తక్కువైన టీ. శుక్లం ముదిరేకొద్దీ కంట్లోని కటకం పసుపెక్కి నీలాన్ని లోపలికి రానివ్వదట. ఇన్నాళ్ళూ నేను తెలుపనుకుని పెట్టినదంతా పసుపే!

చెరిపేద్దామన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "ఉండనివ్వండి, మీకు అలాగే కదా కనిపించింది" అంది. నా పసుపు చుక్కల మధ్య ఖాళీల్లో ఆవిడ నీలం, నేను తెలుపు పెడుతూ పోయాం. మేడ ఇప్పటికీ పూర్తి తెలుపు కాలేదు. ఎండ వాలుతున్నట్టుంది. గడియారం గోపురం మాత్రం వెయ్యలేదు. వచ్చే నెల రెండో కన్ను అయ్యాక వేస్తాం.

అరవై దాటిన మన సభ్యులకు ఒక మాట. ఒక్కో కన్నూ మూసి తెల్ల గుడ్డ చూడండి. తేడా ఉంటే, మాలాగా రెండేళ్ళు ఆగకండి. తేడా లేకపోయినా ఏడాదికోసారి కళ్ళు చూపించుకోండి. రెండు కళ్ళూ ఒకేలా పసుపెక్కితే మనకు తెలియదు.

ఉగాదికి బొమ్మను హాల్లో పెడతాం. పది అడుగుల దూరం నిలబడి చూడండి. దగ్గరకొస్తే చుక్కలే!