తలనొప్పి నేర్పిన పాఠము

“తలనొప్పి” యను మాట పాఠశాలలో తఱచుగా వినబడును. ఆ మాటను విని సందేహించు ఉపాధ్యాయులును పెక్కురు. నేనును అట్టివాడనే. ఆ సందేహము వలన నేను చేసిన తప్పును, దాని వలన నేర్చిన విషయమును విద్యార్థులకు చెప్పదలచితిని.

1994వ సంవత్సరమున నేను ఎనిమిదవ తరగతికి తెలుగు బోధించుచుంటిని. కంచరపాలెములో రైలుపట్టాల చేరువ నివసించు ఒక కూలివాని కుమారుడు నా తరగతిలో నుండెను. మాసమునకు రెండుమూడు మారులు వాడు తల పట్టుకొని, “బద్దలైపోతోందండి మాస్టారూ! ఇంటికి పోతానండి” అని వేడుకొనెడివాడు. మఱునాడు గంతులు వేయుచు వచ్చెడివాడు. పద్యము అప్పగింపలేక పన్నిన యుపాయమని నేను నిశ్చయించితిని.

ఒకనాటి మధ్యాహ్నము వానిని ఎండ పడు కిటికీ చెంత బల్లపై నిలబెట్టితిని. తరగతి యంతయు నవ్వెను. వాడు కన్నులు గట్టిగా మూసికొని కొంతసేపు నిలిచి, ఉన్నట్టుండి దిగి, వాకిటికి పరుగెత్తి వాంతి చేసికొనెను. నవ్వు ఆగిపోయెను.

వానిని నేనే యింటికి తీసికొనిపోయితిని. తల్లి వానిని చీకటిగదిలో పరుండబెట్టి, నుదుట శొంఠిపట్టు వేసి, “ఆడి తప్పు కాదు బాబూ! నాకూ ఇదే నొప్పి. పొద్దుట ఏటీ తినకుండా వచ్చీసినాడు” అనెను. నన్ను ఒక్క మాటయు నిందింపలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మఱునాడు వారితో కూడ కింగ్ జార్జి వైద్యశాలకు వెళ్లితిని. అది పార్శ్వపు నొప్పి యని వైద్యుడు చెప్పెను. దానినే మైగ్రేను అందురు. తఱచుగా తలలో నొకవైపున, పిల్లలలో నొక్కొక్కప్పుడు రెండువైపుల, నాడి కొట్టుకొనినట్లు బాధించును. వెలుగును, సద్దును సహింపనీయదు, వాంతి కలిగించును. వంశములో సంక్రమించుట కలదు. పస్తుండుట, నిద్ర తప్పుట, ఎండ దానిని రేపును. నేను వానిని నిలబెట్టినది ఎండలోనే గదా!

తలనొప్పులన్నియు ఒక్కటి కావు. సుశ్రుతసంహిత పదునొకండు శిరోరోగములను పేర్కొనినది. సగము తలను పొడుచు అర్ధావభేదకము, ప్రొద్దెక్కిన కొలది హెచ్చు సూర్యావర్తము వానిలోనివే. మెదడునకు స్వయముగా నొప్పి తెలియదు. దాని పొరలును, రక్తనాళములును, తల మెడల కండరములును బాధను తెలుపును. అన్నిటికంటె సామాన్యమైనది బిగువు వలన కలుగు తలనొప్పి. అది తలచుట్టు పట్టీ బిగించినట్లుండును. పరీక్షల దినములలో మీలో పలువురు ఎఱుగుదురు. చూపు మందగించిన వారికి చదివిన పిమ్మట నుదురు బరువెక్కును. జలుబు ముదిరిన, చెక్కిళ్లును నుదురును నొచ్చి, వంగినప్పుడు బాధ హెచ్చును.

1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనము మన యిండ్లలో సుపరిచితము. లేపనము ఉపశమనము నీయవచ్చును గాని కారణమును తెలుపదు. నొప్పిమాత్రలు మాటిమాటికి మ్రింగినచో అవియే తలనొప్పికి కారణమగును. పిడుగువలె హఠాత్తుగా వచ్చిన నొప్పి, జ్వరముతో మెడ బిగిసిన నొప్పి, దెబ్బ తగిలిన పిమ్మట వచ్చిన నొప్పి, మాట తడబడుటయో చేయి పట్టు తప్పుటయో తోడైన నొప్పి ప్రమాదసూచకములు. అట్టియెడ ఆలస్యము చేయక వైద్యుని చేరవలెను.

ఆ బాలుడు తిరిగి వచ్చిన దినమున తరగతి యెదుట వానిని క్షమింపుమని కోరితిని. వాడు సిగ్గుతో తల వంచుకొని, “పద్యం అప్పజెప్పమంటారా మాస్టారూ?” అని, ఒక్క తప్పును లేకుండ చదివెను. పద్యము వానికి ఏనాడో వచ్చును!

నాటినుండి ఎవరైన తలనొప్పి యనినచో, “ఎచ్చట? ఎట్లు? ఎప్పటినుండి? ఏమైన తింటివా?” అని యడుగుట అలవాటు చేసికొంటిని. ఒక బాలికకు కంటియద్దములు అవసరమని ఆ ప్రశ్నల వలననే తెలిసినది. ఇతరుల నొప్పి మన కంటికి కనబడదు. కనుకనే వారి మాటను ఓర్పుతో వినవలెను.