బిలాస్‌పూర్‌లో ఆరు గంటలు

గూఢచారి ఆటలకు ఈ రైల్వే జంక్షన్ చక్కని వేదిక. ఆటను రక్తి కట్టించే మలుపు ఎలా ఉండాలో కూడా ఇక్కడి స్టేషనే చెబుతుంది

గూఢచారి కథకు బెర్లిన్, వియన్నాలే కావాలని లేదు. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జంక్షన్ చాలు. ఇక్కడి నుంచి ఒక దారి హౌరాకు, మరొకటి నాగ్‌పూర్ మీదుగా ముంబయికి, ఇంకొకటి కట్నీకి. 802 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫారం మీద ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో, ఎటు వెళుతున్నారో ఎవరికీ పట్టదు. మారుపేరుతో తిరిగేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

కానీ స్టేషన్ దాటి రైల్వే కాలనీ వైపు నడిస్తే సీను మారిపోతుంది. బుధవారీ బజార్‌లో కూరగాయల బేరం హిందీలో మొదలై తెలుగులో ముగిసినా ఆశ్చర్యపోనక్కర్లేదు. బిలాస్‌పూర్‌లో తెలుగువారి ఉనికికి కారణం రైలే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1891 నాటికి ఈ ఊరి మీదుగా నాగ్‌పూర్‌ను అసన్‌సోల్‌తో కలిపింది. 1902లో వాల్తేరు దాకా ఉన్న తూర్పు కోస్తా మార్గమూ ఆ కంపెనీ చేతికొచ్చింది. 1931లో విజయనగరం-రాయ్‌పూర్ లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్ర పల్లెలకు ఛత్తీస్‌గఢ్ మరింత దగ్గరైంది. ఈ కంపెనీ కార్మికులను కూడగట్టిన వి.వి.గిరి ఆ తర్వాత రాష్ట్రపతి అయ్యారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమయ్యాక ఊరు ఇంకా పెరిగింది.

ఇక ఆట సంగతి. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు సూత్రధారి, మిగతావారు పాత్రధారులు. రాసిపెట్టిన సంభాషణలుండవు. 'నేను గార్డుతో మాట కలుపుతాను' అని ఒకరంటే, ఫలితం పాచికలు తేలుస్తాయి. 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'తో మొదలైన ఈ ఒరవడి 1980లో 'టాప్ సీక్రెట్'తో గూఢచారుల లోకంలోకి వచ్చింది. 1983లో జేమ్స్‌బాండ్ ఆట కూడా వెలువడింది. 1990లో వచ్చిన 'టోర్గ్' ఆటగాళ్ల చేతికి డ్రామా కార్డుల కట్టే ఇచ్చింది. 'అనుమానం', 'పొరపాటు గుర్తింపు' వంటి ఉపకథలు కూడా అందులో ముక్కలే.

వీటినే ఈవెంట్ కార్డులు అనుకుందాం. కథ ఎక్కడైనా చప్పబడినప్పుడు ఒక ముక్క తీస్తే చాలు, అనుకోని మలుపు వచ్చిపడుతుంది. సూత్రధారికి కూడా ముందేం జరుగుతుందో తెలియకపోవడమే ఇందులో మజా. అయితే ఇక్కడే ఒక చిక్కుంది. 'రైలు పట్టాలు తప్పింది, కవరు పోయింది' అని కార్డు చెప్పేస్తే ఆటగాడు చేయడానికేం మిగలదు. వైకుంఠపాళిలో పాము మింగినా, బిజినెస్ ఆటలో ఛాన్స్ కార్డు జరిమానా వేసినా అంతే. జరిగింది అనుభవించాలి. రమ్మీ అలా కాదు. ఏ ముక్క వస్తుందన్నది అదృష్టమే కానీ, ఉంచుకోవాలా పారేయాలా అన్నది మన ఇష్టం. పారేసిన ముక్క పక్కవాడికి పనికొస్తే ఆ నష్టమూ మనదే. మంచి ఈవెంట్ కార్డు రమ్మీ ముక్కలా ఉండాలి.

అలాంటి కార్డు ఒకటి బిలాస్‌పూర్‌లో ఏనాడో పడింది. వేసింది రవీంద్రనాథ్ ఠాగూర్. 1918లో వెలువడిన 'పలాతక' సంపుటిలోని 'ఫాంకి' కవితకు ఈ స్టేషనే రంగస్థలం. అందుకే ఆ కవితను స్టేషన్‌లో ప్రదర్శించారు. జబ్బుపడిన 23 ఏళ్ల బిను గాలి మార్పు కోసం భర్తతో బయల్దేరుతుంది. ఇక్కడ రైలు మారాలి, ఆరు గంటలు ఆగాలి. ఆ వ్యవధిలో రుక్మిణి అనే కూలి భార్య ఆమెకు తన గోడు చెప్పుకుంటుంది. కూతురి పెళ్లికి 25 రూపాయలు కావాలి. మొత్తం ఇచ్చేయమంటుంది బిను. సరేనంటాడు భర్త. చాటుకు తీసుకెళ్లి రుక్మిణిని గద్దించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపేస్తాడు. రెండు నెలలకు బిను కన్నుమూస్తుంది. భర్త ఒంటరిగా తిరిగొచ్చి, ఆ 25 రూపాయలు ఇవ్వడానికి రుక్మిణి కోసం వెతుకుతాడు. వాళ్లు ఊరు వదిలి వెళ్లిపోయారు.

ఇందులో తుపాకీ లేదు, ఛేజింగ్ లేదు. ఉన్నవి మూడే: ఆగక తప్పని సమయం, అపరిచితురాలి కోరిక, ఎవరూ చూడరనే ధీమా. అబద్ధమాడమని భర్తను ఎవరూ బలవంతపెట్టలేదు. అది అతని నిర్ణయం. దిద్దుకునే అవకాశం కూడా పోయాకే దాని బరువు తెలిసొచ్చింది. గూఢచారికీ రోజూ ఎదురయ్యేది ఇదే పరీక్ష. అబద్ధం అతనికి వృత్తి. ఎవరితో ఆడిన అబద్ధం వృత్తి కోసం, ఎవరితో ఆడింది ద్రోహం అన్నదే ప్రశ్న.

బిలాస్‌పూర్‌లో ఆట ఆడదలిస్తే కార్డుల కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. ఒకటి: 'మీ రైలు ఆరు గంటలు లేటు. మీరు కలవాల్సిన మనిషి నాలుగు గంటలే ఉంటాడు.' రెండు: 'హిందీ వ్యాపారిగా తిరుగుతున్న మిమ్మల్ని బజార్లో ఒక ముసలాయన, ఏ వూరు బావూ మీది అని పలకరించాడు.' మూడు: 'మీకు ఆశ్రయమిచ్చిన గ్యాంగ్‌మన్ కూతురి పెళ్లికి డబ్బు అడిగాడు. మీ దగ్గరున్నది సర్కారు సొమ్ము.' ఒక్కోదానికీ రెండు మూడు జవాబులుండాలి. ఏ జవాబుకూ మూల్యం లేకుండా ఉండకూడదు. ఆడేసిన కార్డును సూత్రధారి పక్కన పెట్టుకోవాలి, రెండు సీన్ల తర్వాత మళ్లీ బల్ల మీదకు తేవాలి. ఆ ముసలాయనే రేపు పోలీసు వెంట రావచ్చు, లేదా పోలీసుల నుంచి కాపాడనూవచ్చు. ఈరోజు మీరతనికి ఏం బదులిచ్చారన్న దాన్నిబట్టి ఉంటుంది.