పేరంటం లేని పిలుపులు

నాకు కూర తరగడం చేతకాదని మా అత్తగారు పెళ్ళయిన కొత్తలోనే తేల్చేశారు. ఆవిడ మాట అబద్ధం చెయ్యడం ఇష్టంలేకనో ఏమో, మొన్న కత్తిపీట ముందు కూర్చుని వంకాయతోపాటు చూపుడువేలు కూడా తరుక్కున్నాను. కాస్త పసుపు అద్ది, గుడ్డపీలిక చుట్టి నా పనిలో నేను పడ్డాను. మర్నాటికి వేలు ఎర్రబడి, వేడెక్కి, కొంచెం వాచింది.

"చీము పడుతుందేమో, డాక్టరు దగ్గరికి పోదాం పద" అన్నారు మావారు.

మా ఇంట్లో పైవాటా మాది, కిందివాటా బావగారిది. వంటిల్లు మాత్రం ఒక్కటే. మైక్రోబయాలజీ చదువుతూ సెలవులకి వచ్చిన బావగారమ్మాయి నా వేలు అటూ ఇటూ తిప్పి చూసి, "పిన్నీ, ఈపాటి వాపు జబ్బు కాదు, వైద్యం. ఇంకా పెరిగితేనో, జ్వరం వస్తేనో వెళ్దువుగాని. ఇప్పుడు నీ వేలు నలుగుర్నీ పిలుచుకుంటోంది" అంది.

పిలవడమేమిటే అంటే, కీమోకైన్లు అంది. నేను చదివింది బి.ఏ. చెప్పొద్దూ, కొత్తరకం చీరల పేరేమో అనుకున్నాను!

ఏమాటకామాటే చెప్పుకోవాలి, పిల్ల చక్కగా చెప్పింది. తెగినచోట ఉన్న కణాలు చిన్నచిన్న ప్రోటీన్లను వదులుతాయిట. అవే కీమోకైన్లు. అవి పక్కనున్న రక్తనాళం లోపలి గోడకి అంటుకుని కూర్చుంటాయి. రక్తంలో కొట్టుకుపోయే తెల్లకణాలు ఆ గోడని రాసుకుంటూ దొర్లుతూ వస్తాయి. ఈ కబురు తగలగానే ఠక్కున ఆగి, గోడ సందుల్లోంచి దూరి బయటపడతాయి. అక్కణ్ణించి ఆ ప్రోటీన్లు ఎటు చిక్కగా ఉంటే అటు నడుస్తాయి.

"ఉల్లిపాయ పకోడీ వాసన పట్టుకుని మేడ దిగొచ్చే మీ బాబాయిలాగా" అన్నాను.

"సరిగ్గా అంతే!"

నాకైతే పేరంటం పిలుపులు గుర్తొచ్చాయి. శ్రావణమాసంలో గడపగడపకీ వెళ్ళి బొట్టు పెట్టి పిలుస్తామే, అలాగన్నమాట. పైగా ఎవరి పిలుపు వారిదే. మన ఒంట్లో ఇలాంటి కీమోకైన్లు యాభై రకాల దాకా ఉన్నాయిట. కొన్ని గంటల్లోనే వచ్చే మొదటి దండు సూక్ష్మక్రిములతో పోరాడి అక్కడే చచ్చిపోతుంది. తర్వాత వచ్చేవాళ్ళు ఆ శవాలూ చెత్తా ఎత్తిపోసి, కొత్తచర్మం కట్టే మేస్త్రీలకి కబురు పెడతారు. పని అయ్యాక పిలుపులు ఆగిపోవాలి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోవాలి. అదే ముఖ్యం.

కణాలు ఇలా నడిచొచ్చి మూగడం కళ్ళారా చూసినవాడు మెచ్నికాఫ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు. 1882లో ఇటలీలోని మెస్సీనాలో, ఇంట్లోవాళ్ళంతా సర్కసుకెళ్ళిన రోజున, ఈయన సూక్ష్మదర్శిని ముందు కూర్చుని సముద్రనక్షత్రం పిల్లల్ని చూస్తున్నాడు. గాజులా పారదర్శకంగా ఉండే ఆ జీవుల ఒంట్లో గులాబీముల్లు గుచ్చి, తెల్లారేసరికి చూస్తే, ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి! (మావాళ్ళంతా సినిమాకెళ్తే నేను హాయిగా నిద్రపోతాను. అందుకే నాకు నోబెల్ బహుమతి రాలేదు, ఆయనకి 1908లో వచ్చింది.) వచ్చినవాళ్ళు సరే, పిలిచిందెవరు? మొదటి కీమోకైన్లలో ఒకదాన్ని 1987లో విడదీశారు. ఆ జాతికి పేరు పెట్టింది 1992లో.

"మరి, పేరంటమే లేకుండా పిలిస్తేనో?" అంది అంతదాకా మాట్లాడకుండా కూర్చున్న మా అక్కయ్య. అక్కయ్యంటే తోడికోడలు, ఈ పిల్ల తల్లి.

పిల్ల మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

కొన్నేళ్ళ కిందట అక్కయ్య పొద్దున్నే వంటింట్లోకి రావడం మానేసింది. వచ్చినా కాఫీగ్లాసు రెండుచేతులతో పట్టుకునేది, ఇడ్లీగుడ్డ పిండలేకపోయేది. పదకొండయ్యేసరికి మామూలుగా తిరిగేది. "పదకొండింటికి లేని నొప్పి ఆరింటికెక్కణ్ణించి వస్తుందమ్మా?" అని నేను మా అమ్మతో ఫోనులో అన్నాను. మొదట చూసిన డాక్టరు వయసన్నాడు, నొప్పిమాత్రలిచ్చాడు. రెండేళ్ళు అలా పోయాక తెలిసింది, రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అని. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి రెండుమూడు రెట్లు ఎక్కువగా వచ్చే కీళ్ళజబ్బు.

ఇందులో గాయం ఉండదు. కీలు లోపలి పొర ఉత్తినే పిలుస్తూనే ఉంటుంది. వచ్చినవాళ్ళకి చేసేందుకు పని లేక, ఇల్లే విప్పడం మొదలుపెడతారు. మృదులాస్థి, ఆ తర్వాత ఎముక. తెల్లవారుజామున ఒంట్లో వాపు తెచ్చే సంకేతాలు హెచ్చుతాయి. అందుకే పొద్దున లేచేసరికి వేళ్ళు కొయ్యబారి ఉంటాయి, గంట గడిచినా సడలవు. నేను నటన అనుకున్నదే ఆ జబ్బుకి ఆనవాలు!

పిలిచే నోళ్ళు మూసేస్తే పోదా అని అడిగాను. ప్రయత్నించారుట. ఒక్కొక్క పిలుపునీ అడ్డుకునే మందులు చేసి ఈ జబ్బుకి వాడిచూస్తే, చాలావరకు అనుకున్న ఫలితం రాలేదు. ఒకరి నోరు నొక్కితే ఇంకొకరు అందుకుంటారు మరి.

అక్కయ్యకి పట్టుచ్చింది మాత్రం పాతమందే, మెథోట్రెక్సేట్. క్యాన్సరుకి వాడేదని ఎక్కడో చదివి, మాత్ర చేతిలో పెట్టుకుని ఏడ్చింది. క్యాన్సరుకిచ్చే మోతాదు వేరు, కీళ్ళకిచ్చేది చాలా తక్కువ, అదీ వారానికొక్కసారే అని డాక్టరమ్మ నచ్చజెప్పింది. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణంమీదికొస్తుందని కూడా చెప్పింది. అందుకని మా క్యాలెండర్లో బుధవారాలన్నిటికీ కుంకుమబొట్లున్నాయి. గురువారం ఫోలిక్ యాసిడ్, ఆ మందు చేసే చెరుపు తగ్గించడానికి. ఈ రెండింటి వెనకా మనవాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1940లలో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది, దానికి ఎదురుతిరిగే ఈ మందుల్నీ చేసింది. కీళ్ళజబ్బుకి ఇది వాడుకలోకొచ్చేనాటికి ఆయన లేరు.

ఇప్పుడు వాపులు తగ్గాయి. వంకరపోయిన రెండువేళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

పిల్ల ఫోనొచ్చి అవతలికెళ్ళింది. నా వేలికి చుట్టిన పీలిక ఊడిపోయింది. అక్కయ్య నా చెయ్యి ఒళ్ళోకి లాక్కుని మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. ముడి పడటానికి చాలాసేపు పట్టింది. నేను చెయ్యి కదపలేదు.

"ఆ రోజు నేను ఫోనులో అన్నది విన్నావా అక్కయ్యా?"

"వినకేం? నీ గొంతేమైనా చిన్నదా!" అంది ముడి బిగిస్తూ. "ఇవాళ బుధవారం, ఆ మాత్ర అందుకో."